కారణం రాసే గడి

మా మనవరాలు ప్రత్యూషకు ఉద్యోగం ఖాయం కావలసిన మంగళవారం నాడు ఖాయం కాలేదు. ప్రొబేషన్‌ను మరో ఆరు నెలలు పొడిగిస్తున్నట్టు చేతికి కాగితం ఇచ్చారు. ఆమెతోపాటు చేరిన ఇద్దరికీ ఖాయమైంది. ఈ వార్తను నేను ఇప్పటికి కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. విన్నవాళ్ళు మొదట సానుభూతి చూపించారు. తర్వాత నా ముఖం చూసి, డెబ్బై రెండేళ్ళకే ఈయన మతి చలించిందా అని అనుమానపడ్డారు. చలించలేదు. జరిగినదాన్ని జరిగిన వరసలో చెబితే నేనెందుకు నవ్వుతున్నానో ఎవరికైనా అర్థమవుతుంది.

నేను రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైలుపట్టాల గ్యాంగులో పనికి బిలాస్‌పూర్ వచ్చాడు. మా అబ్బాయి రమణబాబు ఇంజన్ నడుపుతాడు. క్వార్టర్ ఖాళీ చేశాక ఊరి అంచున మోప్కాలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. రమణబాబు కూతురు ప్రత్యూష గతౌరా రోడ్డులోని ఒక ప్రైవేటు బొగ్గు రవాణా కంపెనీలో కంప్యూటర్ నెట్‌వర్క్ విభాగంలో చేరి ఏడాది కావస్తోంది. ఆ కంపెనీలో ఉద్యోగులు ఏ వెబ్‌సైటు తెరవాలన్నా అది ముందు ఒక జల్లెడ గుండా పోవాలి. ఆమోదించిన జాబితాలో ఉంటే తెరుచుకుంటుంది. నిషేధించిన జాబితాలో ఉన్నా, అసలు ఏ జాబితాలోనూ లేకపోయినా తెర మొత్తం ఎర్రబడి, ‘ఈ పేజీ చూడడానికి అనుమతి లేదు’ అని హిందీలోనూ ఇంగ్లీషులోనూ కనిపిస్తుంది. కింద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే ఆ సైటు పరిశీలనకు పోతుంది. ఎవరో ఒక మనిషి దాన్ని చదివి, తెరవాలో మూసి ఉంచాలో తేల్చి, రిజిస్టరులో సంతకం పెడతారు.

ఈ ఏర్పాటు గురించి ప్రత్యూష మొదటిసారి చెప్పినప్పుడు నాకు ముచ్చట వేసింది. మా సిగ్నళ్ళదీ ఇదే సూత్రం. తీగ తెగినా, కరెంటు పోయినా, బల్బు మాడినా సిగ్నల్ ఎర్రగానే ఉండిపోవాలి తప్ప పొరపాటున కూడా పచ్చగా మారకూడదు. తెలియనప్పుడు ఆగాలి. మనుషులు కట్టిన పద్ధతుల్లో ఇంతకంటే వివేకమైనది నేను చూడలేదు.

గండం ఆ వివేకంలోంచే వచ్చింది.

ఒక శనివారం సాయంత్రం కూరలు కొనుక్కుని వస్తుంటే మా వీధి మొదట్లో అసిరమ్మ ఎదురైంది. ఆమె భర్త నా దగ్గర ఖలాసీగా చేసేవాడు. ఆయన పోయాక ఆమె ఆ బొగ్గు కంపెనీ క్యాంటీనులో వంటకు కుదిరింది. పదేళ్ళుగా ఆమెకు రక్తపోటు ఉంది. కుడిచేతి దండకు ఎర్రదారంతో కట్టిన రాగిరేకు ఒకటి కనిపించింది.

“ఇదేటి అసిరమ్మా, చేతికి?”

“బీపీకి బాబూ. కట్టుకుని నెల్రోజులయింది. మాత్రలు మానీసినాను.”

“ఎవరు మానమన్నారు?”

“ఈ రేకులమ్మే సైటులోనే సెప్పారు. మాత్ర మింగితే రేకు పన్జెయ్యదట. మీరు ఇలాటివి నమ్మరని నాకు తెలుసు లెండి, మొకం అలగ పెట్టకండి. ఇది అలాటిలాటిది గాదు. కంపెనీ పాసు చేసింది.”

“కంపెనీ పాసు చెయ్యడమేటి?”

“మొదట ఎర్రగా వచ్చింది బాబూ. లారీలు తూసే కాటా దగ్గర పన్జేసే చిరంజీవి లేడూ, ఆడు బటన్ నొక్కి అడిగాడు. రెండ్రోజుల్లో తెరుసుకుంది. ఎర్రది తీశారంటే ఎవరో సూసి తీసినట్టే గదా? ఇన్నాళ్ళు మీ దగ్గర పన్జేసిన మనిషి పెళ్ళాన్ని, నాకా మాత్రం తెలవదేటి?” అని నవ్వి, చివరికి దాచుకున్న మాట చెప్పింది. “సంతకం ఎవరిదనుకున్నారు? మీ పత్తూషదే!”

తాయెత్తుల మీద నా దగ్గర చాలా వాదనలున్నాయి. కానీ అసిరమ్మ నమ్మింది తాయెత్తును కాదు. ఎరుపు తొలగిందంటే బాధ్యత గల మనిషి ఒకరు చూసి తొలగించారని నమ్మింది. రైలు కుటుంబాలన్నీ ఆ నమ్మకం మీదే బతుకుతాయి. దాన్ని నేను మూఢనమ్మకం అనలేను. ముప్పై ఆరేళ్ళపాటు అది వమ్ము కాకుండా చూడడానికే నాకు జీతమిచ్చారు.

నేను ఇంటికి చేరేసరికి ప్రత్యూష మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని టీ తాగుతోంది. కోడలు ఉషారాణి వంటింట్లో ఉంది. కూరల సంచి కింద పెట్టకుండానే అడిగాను.

“రాగిరేకులు అమ్మే సైటొకటి మీ ఆఫీసులో నువ్వే తెరిచావట?”

“అచ్ఛా, అదా! భక్తి సైటు తాతా అది. పైన ఆంజనేయస్వామి ఫోటో ఉంటుంది.”

“ఫోటో సరే. కింద ఏటి రాశారు?”

ఆమె కప్పులోకి చూసింది.

ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో ఆ సైటు తెరిపించాను. ఆంజనేయస్వామి కింద రాగిరేకు, దాని కింద పసుపురంగు పలకలో నాలుగు వరసల తెలుగు ఉంది. పైకి చదివాను: “రక్తపోటు, చక్కెర వ్యాధులు గలవారు మాత్రలు పూర్తిగా మానిన నలభై దినముల పిమ్మట ఫలితము కనిపించును.”

ప్రత్యూష కప్పు కింద పెట్టింది.

“ఇది నువ్వు చదివావా, లేదా?”

“తాతా...” అని ఆగింది. మా ఇంట్లో ఆమె మామూలుగా తెలుగే మాట్లాడుతుంది. గొంతు సన్నగిల్లినప్పుడు మాత్రం హిందీలోకి జారుతుంది. “మాట్లాడ్డం ఆతా హై తాతా. పఢ్‌నా నహీ ఆతా.”

మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. తర్వాత ఒక్కొక్క ముక్కే బయటికి వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు నింపిన ఫారంలో ‘తెలిసిన భాషలు’ అని ఒకే గడి ఉంది. హిందీ, ఇంగ్లీషు, తెలుగు అని రాసింది. అందులో అబద్ధం లేదు. కొన్నాళ్ళకు తెలుగు సైట్ల మీద అభ్యర్థనలు రావడం మొదలైంది. కాటా దగ్గరా, క్రేన్ల మీదా, క్యాంటీనులోనూ మనవాళ్ళు ఎందరో ఉన్నారు మరి. పై అధికారి సాహు గారు ఆ ఫారం చూసి, విభాగంలోనే మనిషి ఉండగా వెతుకులాట ఎందుకని తెలుగు మొత్తం ఈమెకు అప్పగించాడు. నలుగురి మధ్య అడిగిన ఆ క్షణంలో నాకు చదవడం రాదని చెప్పడానికి ఈమెకు నోరు రాలేదు. ఆ తర్వాత ప్రతి వారం చెప్పడం మరికొంచెం కష్టమైంది.

“ఫోనులో అనువాదం చేసేవి ఉన్నాయి కదా?”

“ఆఫీసులో అనువాదం సైట్లన్నీ బంద్ తాతా. వాటి లోపల్నుంచి బ్లాక్ చేసిన సైట్లు దొంగదారిన తెరుస్తారు, అందుకని. తెరకి ఫోటో తీస్తే మెమో ఇస్తారు. మొదటి మూడూ ఇంటికొచ్చి ఫోన్‌లో చూశాను. కానీ చాలావాటిలో అక్షరాలు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి, ఫోన్ ఏదేదో చెప్పేది. తర్వాత... బస్, బొమ్మలు చూసేదాన్ని.”

“బొమ్మలు చూసి ఎలా తేలుస్తావు?”

“దేవుడుంటే భక్తి, తెరవొచ్చు. కూర ఉంటే వంటలు, తెరవొచ్చు. హీరోయిన్ ఉంటే వినోదం, లంచ్ టైంలో తెరవొచ్చు. పుర్రె, నిమ్మకాయ ఉంటే క్షుద్రం, మూసెయ్యాలి.”

వంటింట్లోంచి ఉషారాణి నవ్వు వినిపించింది. నాకూ రాబోయిన నవ్వును ఆపుకున్నాను. పరీక్షలో ప్రశ్నలు చదవకుండా జవాబులు రాసే పిల్లలున్నారు కానీ, ఇంత పద్ధతిగా రాసేవాళ్ళు తక్కువ.

నన్ను కొంచెం ప్రసన్నం చేసుకుందామనుకుందేమో, ప్రత్యూష హఠాత్తుగా నిటారుగా కూర్చుంది. “కానీ ఒక ఖతర్నాక్ సైటుని ఆపాను తాతా. అది చూస్తే నువ్వే శభాష్ అంటావు. నిమ్మకాయ కోస్తే రక్తం, చేతుల నిండా కుంకుమ, పక్కన పుర్రె. పక్కా చేతబడి వాళ్ళు. చిరంజీవన్న రెండుసార్లు అడిగినా తెరవలేదు.”

ఆమె వేళ్ళు చకచకా కదిలాయి. పేజీ తెరుచుకుంది.

నిమ్మకాయ, రక్తం, కుంకుమ, ప్లాస్టర్‌తో చేసిన పుర్రె. విజయనగరంలో నా మిత్రులు కొందరు నడిపే వెబ్‌సైటు అది. మందారపువ్వు రసం పూసి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయను కోస్తే పులుపు తగిలి ఆ రసం ఎర్రబడుతుందనీ, భూతవైద్యులు చూపించే రక్తం అదేననీ వివరించే వ్యాసం. మౌసు తీసుకుని పేజీని చివరిదాకా జరిపి, అక్కడున్న రెండు మాటల మీద బాణం గుర్తు నిలిపాను.

“ఇది చదువు.”

ఆమె తెర దగ్గరికి వంగింది. పెదవులు కదిపింది. “ఏటి రాసుంది?”

“బి. అప్పలస్వామి, బిలాస్‌పూర్.”

ప్రత్యూష పేజీని మళ్ళీ పైకి జరిపింది. “మరి ఈ చేతులు?” అంది.

“నావే.”

ఉషారాణి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి తెర వైపు చూసింది, కూతురి వైపు చూసింది, ఆ తర్వాత నా వైపు తిరిగింది. నా కోడలు మాట తూచి మాట్లాడుతుంది. అందుకే తగలవలసిన చోట తగులుతుంది.

“ఇరవయ్యేళ్ళ నుంచి లోకమంతటికీ జ్ఞానం పంచుతున్నారు మామయ్యా. ఇంట్లో పిల్లకి అ ఆలు దిద్దించడానికి మాత్రం మీకు తీరిక దొరకలేదు.”

సరైన మాట కనక ఒప్పుకున్నాను. ప్రత్యూష బడిలో హిందీ, ఇంగ్లీషు చదివింది. తెలుగు ఇంట్లో వినిపిస్తూనే ఉంది, చదవడం దానంతటదే వస్తుందని అనుకున్నాను. ఏదీ దానంతటది జరగదని, ప్రతిదానికీ కారణం ఉంటుందని రాసుకుంటూ వచ్చినవాణ్ణి, నా ఇంట్లో మాత్రం ఒక విషయం కారణం లేకుండా జరిగిపోతుందని నమ్మాను. నా పేరు కూడా చదవలేని మనవరాలు పక్క గదిలో పెరుగుతుంటే, నేను ఈ గదిలో కూర్చుని ఎవరో తెలియని పాఠకులకు వ్యాసాలు పంపాను.

కానీ ఆ సాయంత్రం నా అవమానం కంటే పెద్ద విషయం మా ముందుంది. పరిశీలన రిజిస్టరులో చివరి గడిలో అచ్చు వేసిన వాక్యం ఒకటుంది: ‘ఈ పేజీని నేను స్వయంగా చదివాను.’ దాని కింద సంతకం చేయాలి. ప్రత్యూష అలా నలభై ఒక్కసార్లు సంతకం చేసింది. మంగళవారం నాడు ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సాహు గారు సంతకం పెట్టాలి. ఈ సంగతి అంతకుముందు బయటపడితే తప్పుడు ధ్రువీకరణ కింద ఇంటికి పంపించేయవచ్చు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళను పంపడానికి పెద్ద విచారణలేవీ అక్కర్లేదు.

అప్పుడు నేనొక మాట అన్నాను. దాన్ని ఇక్కడ దాచడం న్యాయం కాదు.

“రేపు ఆదివారమే కదా. సైట్ల పేర్లన్నీ నీకు గుర్తున్నాయంటున్నావు. నలభై ఒకటీ కూర్చుని నేను చదివేస్తాను. తప్పు తేలినవాటిని సోమవారం పొద్దున్నే నువ్వు మార్చెయ్. మంగళవారానికి అన్నీ సరిగ్గా ఉంటాయి. ఆ తర్వాత అక్షరాలు నేర్చుకుందువు గాని. ఎవరికీ నష్టం ఉండదు.”

ప్రత్యూష నా వైపు చాలా కుతూహలంగా చూసింది, కొత్త మనిషిని చూస్తున్నట్టు.

“అంటే, ‘వెళ్ళేసరికి సరిగానే ఉంది’ అని రాయమంటావా తాతా?”

ఆ వాక్యం ఎక్కడిదో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు, ఇతరులకు చెప్పాలి. సిగ్నల్ చెడినప్పుడల్లా స్టేషన్‌లో ఒక రిజిస్టరులో రాస్తారు. ఏ సిగ్నల్, ఎన్నింటికి చెడింది, ఎన్నింటికి బాగయింది, చివరి గడిలో కారణం. బాగుచేసినవాడే ఆ కారణం రాసి సంతకం పెట్టాలి. కారణం తన పొరపాటే అయినప్పుడు చాలామంది ఆ గడిలో రాసే వాక్యం ఒకటుంది: ‘వెళ్ళేసరికి సరిగానే ఉంది.’ గుట్టుగా తీగ సరిచేసి, ఏమీ కనిపించలేదని రాయడమన్నమాట. నా కింద పనిచేసినవాళ్ళెవరూ ఆ వాక్యం రాయకూడదని నేను పట్టుబట్టేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక చిన్న స్టేషన్‌లో నేను ఒక తీగను దాని బొడిపెకు కాకుండా పక్క బొడిపెకు బిగించాను. బండి రాకముందే నాకే కనిపించింది, సరిచేశాను. ఎవరూ చూడలేదు. అయినా కారణం గడిలో ‘నా పొరపాటు’ అని రాసి సంతకం పెట్టాను. ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. ఈ కథను నా కొడుక్కీ మనవరాలికీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు; అన్నం తినేటప్పుడు మళ్ళీ మొదలుపెడితే లేచిపోయేవారు కూడా. వినలేదనుకున్నాను.

“చదివేది నువ్వు, సంతకం నాది,” అంది ప్రత్యూష. “అప్పుడూ అబద్ధమే కదా తాతా? ఇప్పుడు నలభై ఒకటి. నువ్వు చదివి పెడితే నలభై రెండో అబద్ధం కూడా నేనే రాసినట్టు.”

“ఉద్యోగం పోవచ్చు.”

“పోవచ్చు.”

“మీ నాన్నకి ఏటి చెబుతావు?”

“డ్యూటీ దిగి రానీ. ఆయనా నీ కథ వినే పెరిగాడు కదా. భరిస్తాడు.”

గరిటె పట్టుకుని ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్న ఉషారాణి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకుందని నేను చెప్పలేను, నేను చూడలేదు. ఆ రోజు భోజనంలో మాత్రం ప్రత్యూషకు ఇష్టమైన వంకాయ కూర రెండుసార్లు వడ్డించింది.

ఆదివారం పొద్దున్న ప్రత్యూష ముందుగా అసిరమ్మ ఇంటికి వెళ్ళింది. నన్నూ రమ్మంది, కానీ మాట్లాడవద్దంది. అసిరమ్మ వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది.

“అత్తా, ఆ రాగిరేకు సైటు నేను చదవకుండానే తెరిచాను. నాకు తెలుగు చదవడం రాదు.”

అసిరమ్మ చెయ్యి ఆగింది. “ఏటీ?”

“చదవడం రాదు. ఆంజనేయస్వామి బొమ్మ చూసి సంతకం పెట్టేశాను. అందులో మాత్రలు మానమని రాశారని నిన్న తాత చదివితే తెలిసింది. నువ్వు మాత్రలు మానెయ్యడం నా వల్లే అత్తా. ఇప్పుడే వేసుకో.”

“ఓలమ్మా!” అసిరమ్మ చేట పక్కన పెట్టేసింది. “మా ఆయన సచ్చేదాకా సెప్పేవోడు, జెండా ఊపీముందు పట్టా సూడాలని. నువ్వు సంతకం పెట్టీముందు కాగితం సూడక్కర్లేదేటే? పచ్చదనుకుని నెల్రోజులు మాత్ర మింగలేదు నాను! తల తిరుగుతుంటే రేకు పన్జేస్తంది గామోసనుకున్నాను!”

“తిట్టు అత్తా.”

“తిడతాను. సదువుకున్నదానివి గదా, సిన్నదానివైనా నీ మాట మీద నమ్మకం. ఆ నమ్మకంతో గదా...” అని ఆగి, ఊపిరి తీసుకుని, నా వైపు తిరిగింది. “ఈ పిల్లని ఇలగ వచ్చి సెప్పమని మీరేనా పంపినారు?”

మాట్లాడవద్దన్నారు కనక తల అడ్డంగా ఊపాను.

అసిరమ్మ లోపలికి వెళ్ళింది. ప్రత్యూష ఆమె వెనకే వెళ్ళి, మాత్ర మింగిందాకా నిలబడి చూసి, పక్కవీధిలోని క్లినిక్‌కు తీసుకెళ్ళి రక్తపోటు చూపించింది. అంకె పెద్దదే వచ్చింది. డాక్టరు మోతాదు మార్చి, వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. రాగిరేకును మాత్రం అసిరమ్మ విప్పలేదు. “ఇది ఉంటే ఏటి, మాత్ర మింగుతున్నాను గదా,” అంది. నేను వాదించలేదు. మాత్ర లోపలికి పోతున్నంతవరకు రేకు నగతో సమానం.

సోమవారం ఏం జరిగిందో ప్రత్యూష చెప్పగా రాస్తున్నాను. నేను అక్కడ లేను. ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్ళి, ఎవరినీ అడగకుండా, ఆ నలభై ఒకటిలో తాను తెరిచినవాటిని తిరిగి ఎర్రలో పెట్టింది. భక్తి, వంటలు, పాటలు, వార్తలు అన్నీ. తెలియనప్పుడు ఆగాలి. తర్వాత రిజిస్టరు తెరిచి, ఆ నలభై ఒక్క సంతకాల కింద ఒక గీత గీసి, ఇలా రాసింది: ‘పై నలభై ఒక్క నిర్ణయాలూ చెల్లవు. కారణం: పరిశీలించిన వ్యక్తికి తెలుగు చదవడం రాదు.’ తేదీ, సమయం వేసి, సంతకం చేసి, ఆ రిజిస్టరును సాహు గారి బల్ల మీద పెట్టి నిలబడింది.

ఆయన రెండుసార్లు చదివాడట. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట.

“నువ్వు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. ఆ సంగతి నీకు తెలుసా?”

“తెలుసు సార్.”

“రేపు నీ కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి. బుధవారం దాకా ఆగి చెప్పవచ్చు కదా?”

“బుధవారం చెబితే, ఖాయమైన కుర్చీలో కూర్చుని చెప్పినట్టు అవుతుంది సార్.”

సాహు గారు చాలాసేపు కేకలు వేశాడు. అది ఆయన హక్కు. ఆ కేకల్లో ఒక వాక్యం మాత్రం ప్రత్యూషకు గుర్తుండిపోయింది: “భాషలు వచ్చా అని అడిగానే కాని చదవడం వచ్చా అని అడగని గాడిదను నేను!” మధ్యాహ్నం ఆయనే రిజిస్టరులో ఆమె రాసిన దాని పక్కన మరో వాక్యం రాశాడు: ‘విచారించకుండా పని అప్పగించినది నేను.’ సంతకం చేశాడు. ఆ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. చూస్తే లేచి నిలబడతాను.

అదే మధ్యాహ్నం క్యాంటీనులో తెలుగువాళ్ళంతా ఆమె మీద పడ్డారు. అందరికంటే ముందు చిరంజీవి.

“ఏటమ్మా, మా పాటల సైటు కూడా ఆపీసినావు. సినిమా పాటలు వింటే కూడా బీపీ వస్తదేటి?”

“ఏమో అన్నా. నేను చదవలేదుగా.”

“పాటలు సదివేదేటే, వినీదైతే?”

“మరి చదవనిదానికి సంతకం ఎలా పెడతాను?”

“ఇన్నాళ్ళూ పెట్టలేదేటి?”

“అందుకే కదా ఇవాళ ఇంతమంది తిడుతున్నారు,” అందట. అసిరమ్మ అందరికీ అన్నం వడ్డిస్తూ, “దాన్ని నేను నిన్ననే తిట్టీసినాను. ఇంక ఎవుడైనా తిడితే పప్పు వెయ్యను,” అని ప్రకటించిందని కూడా చెప్పింది.

మంగళవారం కాగితం వచ్చింది. ఉద్యోగం పోలేదు; ఖాయమూ కాలేదు. మరో ఆరు నెలలు. నా ఆగిన ఇంక్రిమెంటు ఏడాదిది. ఈమెది అందులో సగం. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన రమణబాబు కాగితం చదివి, మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, “ఈ ఇంట్లో ఇది వంశపారంపర్యంలా ఉంది,” అని స్నానానికి వెళ్ళిపోయాడు. స్నానాల గదిలోంచి ఈలపాట వినిపించింది. నా కొడుకు ఈల వేయడం నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

ఆ నలభై ఒక్క సైట్లనూ తర్వాత ఖాతాల విభాగంలో పనిచేసే మైత్రి చదివింది. ఆ అమ్మాయిది వరంగల్; తెలుగు ధారాళంగా చదువుతుంది. ప్రత్యూష బొమ్మలు చూసి తేల్చినవాటిలో ముప్పై సరిపోయాయి, పదకొండు తప్పాయి. ముప్పై సరిపోయాయి కదా అని నా మిత్రుడొకాయన ఓదార్చబోయాడు. సరిపోవడం వేరు, తెలియడం వేరు అన్నాను. ఇప్పుడు ఆ కంపెనీలో ఏ భాష సైటునైనా ఇద్దరు చదివితేనే తెరుస్తారు. భాషల గడి రెండైంది: మాట్లాడగలరా, చదవగలరా. మా మనవరాలు చేసిన పొరపాటు ఆ ఫారంలో ఒక గీతగా మిగిలింది.

ఆ మంగళవారం సాయంత్రం నుంచే చదువు మొదలైంది. ఆమె ఆఫీసు నుంచి రాగానే గంటసేపు. పలక వద్దంది, సైట్ల పేజీలే అచ్చు తీసి తెచ్చింది. రెండు నెలలకు వాక్యాలు వచ్చాయి. నాలుగో నెలలో సాహు గారు స్వయంగా ఒక పేజీ ముందుపెట్టి, మైత్రిని పక్కన కూర్చోబెట్టి, చదివించి చూశాడు. గంటకు ఒక పేజీ. అది చాలన్నాడు. తెలుగుకు మైత్రి మొదటి పాఠకురాలు, ప్రత్యూష రెండోది.

అప్పుడు చిరంజీవి మూడోసారి బటన్ నొక్కాడు. నా నిమ్మకాయ వ్యాసం ఉన్న సైటు మళ్ళీ పరిశీలనకు వచ్చింది. మైత్రి చదివి, తెరవవచ్చని సంతకం చేసింది. రెండో సంతకం ప్రత్యూషది కావాలి. ఆ గడిలో ఆమె తెలుగులోనే, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: ‘ఈ వ్యాసం రాసినది మా తాతగారు. దీన్ని నేను పరిశీలించకూడదు. వేరొకరు చదవాలి.’

ఆ కంపెనీ ఆఫీసు సిబ్బందిలో తెలుగు చదివే వేరొకరు ఇంకా దొరకలేదు. అందువల్ల ఈ రోజుకీ అక్కడ నా వ్యాసం తెరుచుకోదు. ఎవరైనా తెరవబోతే ఎర్రతెర వస్తుంది. ఈ సంగతి చెప్పి వీధి చివరి టీకొట్టు దగ్గర పాత ఇన్‌స్పెక్టర్లందరికీ టీ ఇప్పించాను.

ఇంట్లో చదవడానికి మాత్రం ఆమెకు అడ్డు లేదు. మొన్న ఆదివారం ఆ వ్యాసం అచ్చుప్రతి ముందు పెట్టుకుని, అక్షరం వెంట అక్షరం వేలితో కదుపుతూ వచ్చింది. మూడో పేరాలో వేలు ఆగిపోయింది. ఒత్తు అక్షరం దగ్గర ఆగిందనుకుని సాయం చెప్పబోయాను.

“అది కాదు తాతా. ‘భూతవైద్యుల్లో తొంభై శాతం మంది వాడే పద్ధతి ఇదే’ అని రాశావు. తొంభై శాతం అని ఎవరు లెక్కపెట్టారు?”

ఆ వ్యాసం అచ్చయి ఆరేళ్ళు. వందలమంది చదివి ఉంటారు. ముగ్గురు సంపాదకులు చూశారు. వేగంగా చదివేవాళ్ళందరూ ఆ అంకె మీదుగా జారిపోయారు. నేను కూడా.

“ఎవరూ లెక్కపెట్టలేదు,” అన్నాను. “‘చాలామంది’ అని మారుస్తాను.”

“చాలామంది అంటే ఎంతమంది?”

ఆలోచించాను. నా చేత్తో ఆ కత్తి పట్టుకుని పరీక్షించింది నలుగురి దగ్గర. రాయిపూర్‌లో ఒకడు, మిగతా ముగ్గురూ ఇక్కడే.

అప్పుడే విజయనగరం మిత్రులకు ఉత్తరం రాశాను. మూడో పేరాలో తొంభై శాతం తీసేసి, ‘నేను స్వయంగా పరీక్షించిన నలుగురూ’ అని మార్చమన్నాను. సవరణకు కారణం కూడా వేయమన్నాను: రచయిత పొరపాటు, చూపించినవారు బి. ప్రత్యూష, బిలాస్‌పూర్.